తోడుకోని పాలు

సంతానం కోసం యాగాలు చేసిన రాజుల కథలను పురాణాలు యుగయుగాలుగా మోసుకొస్తున్నాయి గాని, ఆ రాజులూ వారి వంశాలూ కాలగర్భంలో కలిసిన ఎంతో కాలానికి, ఒక పాలకేంద్రపు పెరుగుగదిలో గోరువెచ్చని పాలకు తోడు వేస్తూ నడివయస్సుకు చేరిన ఒక సామాన్యుడు, తన ఇంట ఒక్క పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే చాలునని కోరుకున్నాడు.

తోటివారు అతణ్ణి తోడుమేస్త్రి అనేవారు. అతడు తోడు వేసిన పాలు తోడుకోకపోవడం ఎవరూ ఎరుగరు.

లోపం అతడిదేననీ, వీర్యంలో కణాలే లేవనీ వైద్యులు ఏనాడో తేల్చారు. ఆ సంగతి భార్యాభర్తల మధ్యనే ఉండిపోయింది. అతడి తల్లి మాత్రం కోడలినే దెప్పేది. కోడలు మగని పరువు కడుపులో దాచుకుని ఊరుకునేది.

చివరి ఆశగా ఇద్దరూ మూలకణ చికిత్స చేసే వైద్యురాలి వద్దకు వెళ్లారు.

"మీ ఎముక మూలుగలోంచి మూలకణాలు తీసి వృషణాల్లోకి ఎక్కిస్తాం. ఇదింకా పరిశోధనలోనే ఉంది, మాట ఇవ్వలేను" అన్నదామె. అతడు తెల్లమొగం వేయడం చూసి, "మీరు పాలకు తోడు వేస్తారు కదా, అలాంటిదనుకోండి" అని చేర్చింది.

ఆ ఒక్క మాటే అతణ్ణి ముంచింది. పరిశోధన అన్న పదం చెవిని తాకి జారిపోయింది. తోడు అన్నది గుండెలో దిగింది.

"తోడు వేశాక పాలు పాలుగానే ఉండిపోవడం ఎప్పుడైనా చూశావటే?" అన్నాడు మెట్లు దిగుతూ.

"ఆవిడ అనుకోండి అంది. అవుతుందనలేదు" అన్నది భార్య.

"నీకన్నీ అనుమానాలే. పుట్టేవాడికి మాత్రం నేర్పకు."

ఆమె నవ్వింది. చికిత్స అయ్యాక, నడుం పట్టుకుని ఇల్లంతా తిరుగుతున్న మగణ్ణి తానే కసిరింది కూడా: "కుదురుగా కూర్చోండి. కదిపిన గిన్నెలో పెరుగు తోడుకుంటుందా?"

నెలలు గడిచాయి. పరీక్షలో మునుపటివలెనే ఒక్క కణమూ కనిపించలేదు.

"ఇంకొంచెం తోడు వేసి చూస్తే?" అని అడిగాడతడు.

వైద్యురాలు తల దించుకుంది. "గిన్నెలో పాలుంటే కదండీ తోడుకునేది. ఆ మాట వాడటం నా తప్పు."

ఇల్లు చేరగానే మంచం మీది తల్లి అడిగింది. "ఏమంటున్నారు? దీని కడుపు పండే యోగం ఉందా?"

"లేదమ్మా. గొడ్డుపోయింది నేను. ఇది కాదు."

ముసలామె గోడవైపు తిరిగి పడుకుంది. భార్య అతడికి మంచినీళ్లు అందించింది.

"ఇన్నాళ్లకు నోరు విప్పారు."

"ఏం లాభం?"

"లాభమేమీ లేదు" అన్నదామె.

మరునాడతడు మామూలుగానే పనికి వెళ్లి తోడు వేశాడు. ఆ పాలు చక్కగా తోడుకున్నాయి.

విత్తు మొలవని ఆ ఇంటిని సర్వేశ్వరుడు చల్లగా చూచుగాక. ఆ తల్లి మౌనం కరుగుగాక. ఒకరికొకరు మాత్రమే తోడుగా మిగిలిన ఆ దంపతులలో ఎవరికీ ఒంటరి ముసలితనం రాకుండుగాక.