మస్కట్ షేక్ నిలబడ్డ వరస

మా వాడలో మస్కట్ వెళ్లొచ్చిన ఒకతను ఉండేవాడు. మబ్బు పట్టగానే అతను ఇంట్లో ఉన్న డ్రమ్ములు, బిందెలు, గంజులు, చివరికి మనుమరాలి టిఫిన్ డబ్బా కూడా నీళ్లతో నింపేవాడు. అతని తండ్రి ఒకప్పుడు మా ఇంట్లో పాలేరుగా జీతం ఉన్నాడు. ఇతను మస్కట్‌లో కూలికి ఉన్నప్పుడు పెద్ద తుఫాను ఆ నగరాన్ని ముంచింది. సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చే కర్మాగారాలు ఆగిపోయి, నడుము లోతు నీళ్లలో జనం దాహంతో అల్లాడారట. మా ఊరు మల్లాపూర్‌లో చినుకు పడ్డా అతనికి మస్కటే కనిపించేది. మేం నవ్వేవాళ్లం.

ఓ వానకాలం వాగు పొంగి నీళ్ల పైపు కొట్టుకుపోయింది. మూడో రోజుకు మా ఇంట్లో తాగడానికి చుక్క లేదు. వాడకట్టంతా అతని వాకిట్లో వరస కట్టింది. మా వంశంలో ఎవరినీ ఏదీ అడిగిన అలవాటు లేదు. ఊరికే వచ్చినట్టుండాలని వెండి చెంబొకటి పట్టుకుని నేరుగా ముందుకు నడిచాను.

"లైన్ల నిలవడుండ్రి, దొరా. మస్కట్ల షేక్ గూడ నా ఎనుకనే నిలవడ్డడు."

నిలబడ్డాను. గంటకు నా వంతు వచ్చింది. అతను చెంబు వైపు చూశాడు.

"గిదేంది దొరా, ఇంట్ల నలుగురుంటిరి గద. గా షేక్ రెండు బకీట్లు తెచ్చుకున్నడు."

ఇంటికి వెళ్లి రెండు బకెట్లు తెచ్చాను. అప్పటికి వరస వీధి మలుపు దాకా పెరిగింది. ఈసారి ఎవరూ చెప్పకుండానే చివర నిలబడ్డాను.