ఖాలాతో రాకెట్ చూసిన రోజు

మొన్న మంగళవారం ఖమ్మంలో పిల్లలకు టీకాలు వేస్తుండగా ఫోన్ మోగింది. ములకలపల్లి నుంచి ఖాలా కూతురు. "అక్కా, అమ్మీ పోయింది. పొద్దుగాల నమాజుకు లేస్తదని చూసినం, లేవలె" అంది. చేతిలోని సూదిని డబ్బాలో వేసి, పక్కనున్న సిస్టర్‌కు పని అప్పజెప్పి బస్టాండుకు పరిగెత్తాను. నేను చేరేసరికి మట్టి చేసి వచ్చేశారు.

ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, కానీ ఆమె నాకు చుట్టం కాదు. ఏఎన్ఎంగా నా మొదటి పోస్టింగు ములకలపల్లిలో. ఆమె ఇంటి ముందు గది కిరాయికి తీసుకుని నాలుగేళ్ళున్నాను. ఊళ్ళో సగం జాకెట్లు, బడిపిల్లల యూనిఫాంలు ఆమె మిషను మీద కుట్టినవే. కుట్టిన ప్రతి బట్టనూ రెండు చేతులతో గట్టిగా లాగి చూసేది. "నా చేతుల్ల పిగిలితె నాకొక్కదానికే తెలుస్తది. బయట పిగిలితె ఆ పిల్ల ఇజ్జత్ పోతది" అనేది. వీధి మలుపులో నా స్కూటీ చప్పుడు వినగానే లేచి చాయ్ వేడి చేసేది. ఖమ్మం వచ్చాక నా స్కూటీ చప్పుడు ఎవరూ పోల్చుకోలేదు.

మన దేశపు మనిషి ఒకాయన రాకెట్‌లో అంతరిక్ష కేంద్రానికి వెళ్ళిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. దానికి ముందు ఎన్నో వాయిదాలు. ప్రతిసారీ ఖాలా మిషను ఆపి టీవీ ముందు కూర్చోవడం, "ఇయ్యాల గూడ లేదంట" అని లేవడం. చివరికి అది ఎగిరిన మధ్యాహ్నం నేనూ ఇంట్లోనే ఉన్నాను. కానీ నాకు చూడబుద్ధి కాలేదు. రెండు రోజుల ముందు, వాగవతల గూడెం నుంచి ఒక గర్భిణిని డోలీలో, అంటే కర్రకు కట్టిన దుప్పటిలో మోసుకొస్తుంటే, వాగు మధ్యలో దుప్పటి ముడి జారింది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

"గంత దూరం మనిషిని పంపుతరు ఖాలా, గీ వాగు దాటించలేరు. ఏం లాభం?" అన్నాను.

ఆమె టీవీ మీద నుంచి చూపు తిప్పలేదు. "మీ ఖాలూ మణుగూరు బొగ్గుబాయిల దిగేటప్పుడు నన్నెవరు లాభం అడగలె బిడ్డా. మనిషి పైకొచ్చిండా లేదా, గంతే చూసేదాన్ని." ఖాలూ అంటే ఆమె భర్త. నేను ఆ ఇంట్లో చేరేనాటికే ఆయన లేడు. అప్పుడే తెర మీద, రాకెట్‌లో వెళ్ళే మనిషి తల్లి కనిపించింది. "గా తల్లిని చూడు. ఆమెకు చెప్పు నీ లాభం సంగతి, ఇంటదా?"

"ఆమె కొడుకు కోసం వెయ్యి మంది కండ్లల్ల ఒత్తులేసుకొని కూసున్నరు. గూడెం తల్లికి ఎవరున్నరు?" అన్నాను.

ఈసారి నా వైపు తిరిగింది. "అవ్, గదడుగు. గట్టిగ అడుగు. గాని పైకి పోయెటోణ్ణి కిందికి గుంజితె నీ వాగు మీద బ్రిడ్జి వస్తదా?"

రాకెట్ లేచింది. ఖాలా రెండు చేతులూ ఎత్తి దువా చేసింది. తర్వాత రాకెట్ లోపల పట్టీలతో బిగించి పడుకోబెట్టి ఉన్న మనుషులను చూపిస్తుంటే లేచి తెర దగ్గరికి పోయింది. "గీ బెల్టు భుజం మీదికెల్లి వచ్చి యాడ కలిసింది?" అని వేలు పెట్టి వెతికింది.

మర్నాడు మందపాటి కాన్వాసు గుడ్డ, పాత స్కూలు బ్యాగుల పట్టీలు ముందేసుకుని, దబ్బనంతో కుడుతూ కనిపించింది. "గూడెమోళ్ళకు డోలీ. పండుకో, కొలత తీస్త" అంది. నిండు గర్భిణి వెల్లకిలా పడుకోకూడదని, ఎడమ పక్కకు ఒత్తిగిలాలని, పొట్ట మీద పట్టీ రాకూడదని చెప్పాను. "ముందుగాల చెప్పొద్దా!" అని కుట్టంతా విప్పి, వీపు వెనక దూదిమెత్త పెట్టి మళ్ళీ కుట్టింది. ఖాలా అల్లుడూ పక్కింటాయనా నన్ను అందులో మోస్తూ వాకిట్లో తిరిగారు. "కదులు, ఊగు, పడతవేమో చూస్త!" అంటూ ఖాలా వెనకాలే. వాగు సంగతి జరిగాక నేను నవ్వింది అప్పుడే.

ఆ వానాకాలంలోనే ఆ డోలీలో ఒకామె వాగు దాటింది. ఆడపిల్ల పుట్టింది. దవాఖానా నుంచి ఫోన్ చేస్తే, "కుట్టు యాడన్న పిగిలిందా?" అన్నది ఖాలా మొదటి మాట. పిగల్లేదన్నాను. ఆ వెంటనే అవతల మిషను చప్పుడు మొదలైంది. ఫోన్ మాత్రం పెట్టేయలేదు.

మా వాదన మాత్రం తెగలేదు. "చూసినవా, రాకెట్ పనికొచ్చింది" అని ఆమె. "బ్రిడ్జి ఉంటే గా డోలీ గూడ అక్కర్లేదు" అని నేను. బ్రిడ్జి కోసం రాసిన అర్జీ మీద మొదటి సంతకం ఆమెదే, ఉర్దూలో. బ్రిడ్జి ఇంకా రాలేదు.

నాకు ఖమ్మం బదిలీ అయినప్పుడు బస్సు దాకా వచ్చింది. "మన గడ్డ మీదికెల్లి, మన రాకెట్ల మనోళ్ళు పోతరంట గద. గప్పుడు రా. కలిసి చూద్దాం. మళ్ళ కొట్లాడు" అంది. వస్తానన్నాను. ఆ రోజు ఇంకా రాలేదు. వచ్చినప్పుడు ఎవరి పక్కన కూర్చుని చూడాలో నాకు తెలియడం లేదు.

మంగళవారం సాయంత్రం గూడెం నుంచి ఐదుగురు ఆడవాళ్ళు నడిచి వచ్చారు. డోలీలో వాగు దాటినామె కూడా ఉంది, బిడ్డను చంకనేసుకుని. ఈ ఇంటి పద్ధతులు తెలియక చెప్పులు గేటు అవతలే విడిచి, గోడ వారన కూర్చున్నారు. "ముఖం ఒక్కసారి సూడొచ్చా సిస్టరమ్మా?" అని ఆమె అడిగింది. తీసుకెళ్ళిపోయారని చెప్పాను. ఆ మాట వాళ్ళ భాషలో మిగతావాళ్ళకు చెప్పింది. అయినా ఎవరూ లేవలేదు. పొద్దు వాలుతుండగా ఒకరి వెనక ఒకరు అడవి దారి పట్టారు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. అందరికన్నా వెనక నడుస్తున్న తల్లి భుజం మీద నుంచి ఆ పిల్ల ఇంటి వైపే చూస్తూ చూస్తూ టేకు చెట్ల మధ్య కనబడకుండా పోయింది.