పొరపాటున చేసిన తీర్థయాత్ర

ఓడ ఎక్కే ముందు మా ఆవిడ మూడు షరతులు పెట్టింది. గుళ్ళు వద్దు. ఆంటీలు వద్దు. ‘గుడ్‌న్యూస్’ అన్న మాట నాలుగు రోజులపాటు చెవిన పడకూడదు. మూడింటికీ తలూపాను. తలూపడంలో నాకు మంచి అనుభవం ఉంది. పదేళ్ళ ఉద్యోగంలో, మీటింగుల్లో కూర్చుని నేర్చుకున్న ఏకైక విద్య అదే.

షరతుల వెనక కారణం ఉంది. అప్పటికి మాకు పెళ్ళయి ఏడేళ్ళు. టెక్సాస్‌లోని ప్లేనోలో మేముండే వైపు ప్రతి వారాంతం ఎవరింట్లోనో, తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్ ఉంటుంది. పప్పు, పులిహోర పక్కనే తప్పకుండా వడ్డించే మూడో ఐటం, “ఏమ్మా, ఎనీ గుడ్‌న్యూస్?” ఒక ఆంటీ పదకొండు ప్రదక్షిణలు అన్నది, ఇంకో ఆంటీ నూట ఎనిమిది అన్నది. మా ఆవిడ రెండూ చేసింది. డాక్టరు చెప్పినవీ చేసింది. ఇంజెక్షన్లు పొడిచే పని నాది. నేను కళ్ళు మూసుకుని పొడిచేవాణ్ణి, తను “కండ్లు తెరువు!” అని అరిచేది. ఐవీఎఫ్ రెండు విడతలయ్యాయి, రెండూ నిలవలేదు. మూడో విడత మొదలుపెట్టాలో వద్దో ఓడ దిగిన మర్నాడు, మంగళవారం, క్లినిక్‌కి ఫోన్ చేసి చెప్పాలి.

“నువ్వేమంటవ్?” అని తను అడిగినప్పుడల్లా “నీ ఇష్టం” అన్నాను. అంతకన్నా మర్యాదైన జవాబు ఉండదనుకున్నాను. నిజానికి నాకు మొదటి విడత తర్వాతే చాలనిపించింది. కానీ ఆ మాట అంటే తనను మధ్యదారిలో వదిలేసినట్టు వినిపిస్తుందేమోనని భయం.

అది 2012. మాయన్ల పంచాంగం ప్రకారం డిసెంబరులో యుగాంతమని తెలుగు టీవీ చానెళ్ళు పొద్దస్తమానం హోరెత్తిస్తున్న ఏడాది. గ్రీన్‌కార్డులు చేతికొచ్చాయి కాబట్టి దేశం దాటడానికి భయం లేదు. ఎలాగూ లోకం మునిగిపోతుందట, మునిగే లోపు ఒకసారి తేలదామని గాల్వెస్టన్ రేవు నుంచి బయల్దేరే ఓడలో టికెట్లు బుక్ చేశాను. మూడో రోజు పొద్దున ఓడ మెక్సికో వాళ్ళ కొజుమెల్ ద్వీపం దగ్గర ఆగుతుంది. దిగి చూడ్డానికి రకరకాల టూర్లు. స్నార్కెలింగ్ నావల్ల కాదు, నీళ్ళు బకెట్‌లో ఉన్నంతవరకే నాకు స్నేహితులు. జాబితాలో అన్నిటికంటే కింద ఒకటి కనిపించింది: ‘చిన్న మాయన్ శిథిలాలు, సంప్రదాయ గ్రామం, మూడున్నర గంటలు, తక్కువ నడక.’ ‘తక్కువ నడక’ దగ్గర నా వేలు ఆగిపోయింది. మిగతాది చదవలేదు.

శనివారం పొద్దున వ్యాన్‌లో పదిమందిమి ఎక్కాం. మా గైడు అరవై ఏళ్ళ మనిషి. తాటాకు టోపీ, ఆగి ఆగి మాట్లాడే ఇంగ్లీషు. ద్వీపం మధ్యలో అడవిలాంటి చోట దింపాడు. రాళ్ళు పరిచిన బాట, బాటకు రెండు వైపులా పొదలు, పొదల్లో మూరెడు పొడవు తొండలు. మమ్మల్ని చూసి అవి కదల్లేదు. టికెట్ కొన్నవాళ్ళం మేమే కదా, వాటికేం తొందర?

మొదటి శిథిలం ముందు అందరం నిలబడ్డాం. నాలుగు గోడలు, సగం కప్పు, నా నడుం ఎత్తు గుమ్మం.

మా ఆవిడ చల్లద్దాలు పైకెత్తి చూసింది. “ఇదేనా? మా కరీంనగర్‌ల బస్‌షెల్టర్ ఇంతకన్న పెద్దగుంటది.”

“చిన్న శిథిలాలని ముందే రాశాడు కదా,” అన్నాను.

శిథిలాలైతే చిన్నవే. నా పరువు మాత్రం మరో రెండు నిమిషాల్లో పూర్తిస్థాయిలో శిథిలమైంది. గైడు టోపీ తీసి చేతిలో పట్టుకుని మొదలుపెట్టాడు. “మీరు నిలబడ్డది ఇష్‌చెల్ దేవత క్షేత్రం. చంద్రుడు, వాన, మందులు, నేత, కాన్పు, అన్నీ ఆవిడ చేతిలోనే. పూర్వం ప్రతి స్త్రీ జీవితంలో ఒక్కసారైనా సముద్రం మీద పడవేసుకుని ఇక్కడికి రావాలి. వచ్చి బిడ్డ కావాలని అడగాలి.” అక్కడితో ఆగలేదు. మా ఇద్దరినీ చూసి చిరునవ్వుతో, “హనీమూనా?” అన్నాడు.

గుళ్ళు వద్దన్న మనిషిని వెతికి వెతికి సంతానం ఇచ్చే దేవత గుమ్మంలో నిలబెట్టాను. ఆంటీలు చెప్పిన గుళ్ళు కనీసం టెక్సాస్‌లోనే ఉన్నాయి. నేను సముద్రం దాటించి మరీ తెచ్చాను.

“నిజంగా నాకు తెలీదు,” అన్నాను మెల్లగా. “ఒట్టు. టాక్సీ పట్టుకుని వెళ్ళిపోదామా?”

చల్లద్దాలు మళ్ళీ దించుకుంది, వాటి వెనక ఏముందో కనిపించలేదు. “ఆగు జర. విననియ్యి,” అన్నది.

ఆ గొంతులో కోపం లేదు. పెళ్ళికి ముందు యూనివర్సిటీలో, క్లాసు అయిపోయాక కూడా ప్రొఫెసర్ని వదలకుండా ప్రశ్నలు వేసే అమ్మాయిది ఆ గొంతు. చాలా కాలమైంది విని.

గైడు ఒక గోడ చూపించాడు. మీద ఎర్రటి చేతి గుర్తులు, వెలిసిపోయి, తుప్పు మరకల్లా ఉన్నాయి. ఈ ఇంటి పేరే ‘చిన్ని చేతులు’ అన్నాడు. అందరూ “అయ్యో, పసివాళ్ళవి!” అంటూ ఫోటోలు తీసుకున్నారు. మా ఆవిడ గోడ ముందు అడ్డంగా కట్టిన తాడుకి ఇవతలే నిలబడి, చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, దర్జీలా కొలిచింది.

“పిల్లలవి కావివి. నా చెయ్యంత ఉన్నయ్. పెద్దోళ్ళవే, పొట్టి మనుషులు,” అని నాతో అని, అదే ఇంగ్లీషులో గైడుకి చెప్పింది. ఆయన తనూ చెయ్యి చాచి, ఒక కన్ను మూసి చూశాడు. “కావచ్చు,” అన్నాడు. “ఇన్నేళ్ళుగా నేను కొలవనే లేదు.”

తర్వాత ఆయన దేవత జవాబు చెప్పే పద్ధతి వివరించాడు. విగ్రహం మట్టిది, లోపల బోలు. వెనక గోడలో సందు. ఆ సందులో పూజారి దాక్కుని, అడిగినవాళ్ళకి దేవత గొంతుతో జవాబిచ్చేవాడట.

మా ఆవిడ నా వైపు తిరిగింది. “నీ ఫస్ట్ జాబ్ ఇట్లనే కదా వచ్చింది?”

నేను కొంచెం దగ్గాను. న్యూజెర్సీలో, పార్సిప్పనీలో ఆరుగురం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్న రోజుల్లో నా ఫోన్ ఇంటర్వ్యూలో గొంతు మాత్రమే నాది. జవాబులు పక్కన కూర్చుని పిజ్జా అట్ట మీద రాసి చూపించిన రూమ్మేట్‌వి. పెళ్ళయిన కొత్తలో గొప్పగా చెప్పుకున్న ముచ్చట అది. చెప్పకుండా ఉండాల్సింది.

“అంటే పిల్లల సంగతి ఆడోళ్ళు అడిగితే,” అని తను గైడుని అడిగింది, “చెప్పేది వెనక దాక్కున్న మగాడా?”

గైడు పెద్దగా నవ్వాడు. తనూ నవ్వింది. ఆ ఊపులోనే ఇంకోటి అడిగింది. “ఇంత దూరం వచ్చి, అడిగి వెళ్ళాక కూడా పుట్టనివాళ్ళు ఉంటారు కదా. వాళ్ళేం చేసేవారు?”

ఆయన నవ్వు ఆగింది. టోపీని చేతుల్లో ఒక చుట్టు తిప్పాడు. “ఈ ప్రశ్న ఎవరూ అడగలేదమ్మా,” అన్నాడు. “నాకు తెలియదు. రాసిపెట్టినవాళ్ళు అది రాయలేదు.”

తిరిగి వ్యాన్ వైపు నడుస్తుంటే బాట మీద ఎండ చురుక్కుమంటోంది. మా ఆవిడ నాకంటే నాలుగడుగులు ముందుంది. తల తిప్పకుండానే అన్నది, “ఏం చేస్తరు? మళ్ళ పడవెక్కి ఇంటికి పోయుంటరు. పోయి వంట చేసుకొనుంటరు.”

‘సంప్రదాయ గ్రామం’ అంటే పదిపన్నెండు ఇళ్ళు, ఒక బుల్లి చర్చి, దాని పక్కనే ఇంకో జేబుసైజు శిథిలం. మధ్యలో కొన్నాళ్ళు దాన్ని ఊరి జైలుగా వాడుకున్నారన్నాడు గైడు. అందులో ఒక్క ఖైదీ పడతాడు, వాడూ ముడుచుకుని పడుకోవాలి. పక్కన తాటాకు వంటింట్లో ఒకావిడ, మా పెద్దమ్మ వయసుంటుంది, తెల్లటి కుట్టుపూల గౌను వేసుకుని మొక్కజొన్న రొట్టెలు చేస్తోంది. మాలాంటివాళ్ళ కోసమే ఆ ఏర్పాటని తెలుస్తూనే ఉంది. పెనం మాత్రం నిజంగా కాలుతోంది, పొగ నిజంగానే కళ్ళలో పడుతోంది.

మా ఆవిడ పొయ్యి దగ్గర చతికిలబడి పిండి వైపు చూసింది. గైడు ద్వారా ప్రశ్నలు మొదలు. గింజలు దేంట్లో నానబెడతారు? సున్నం నీళ్ళలో. “సున్నమా? కిళ్ళీల వేసే సున్నమా?” అని నన్నడిగింది, నేనేదో సున్నం నిపుణుణ్ణయినట్టు. వేడినీళ్ళతో కలుపుతారా, చన్నీళ్ళా? ఎంతసేపు? ఆ పెద్దావిడ ముందు ముక్తసరిగా, తర్వాత చేతులు తిప్పుతూ జవాబిచ్చింది. ఆ తర్వాత తనే ఒక ప్రశ్న వేసింది. స్పానిష్ రాకపోయినా అర్థమైంది. ప్లేనోలో ఏడేళ్ళుగా వింటున్న రాగమే.

“పిల్లలెంతమంది అని అడుగుతోంది,” అన్నాడు గైడు, కొంచెం ఇబ్బందిగా.

నేను అలవాటు ప్రకారం అడ్డం దూరాను. “సూన్, సూన్. వి ఆర్ ప్లానింగ్...”

“కాదు,” అన్నది మా ఆవిడ ఇంగ్లీషులో, గైడుతో. “లేరని చెప్పండి. ప్రయత్నించాం, కలగలేదు. ఇక ప్రయత్నించం.”

గైడు నా వైపు చూశాడు. నేను పెనం వైపు చూశాను. ఆయన నెమ్మదిగా ఆ మూడు ముక్కలూ స్పానిష్‌లో చెప్పాడు. అలా మా ఇంటి అతి పెద్ద నిర్ణయం ఆ మొక్కజొన్న పిండావిడకీ నాకూ ఒకేసారి తెలిసింది.

ఆవిడ చేతులు ఆపి మా ఆవిడ ముఖంలోకి చూసింది. ప్రదక్షిణలు చెప్పలేదు. దేవుడున్నాడనలేదు. పొట్టిగా ఒక మాటన్నది.

“చేతులు కడుక్కో అంటోంది,” అన్నాడు గైడు.

కడుక్కుంది. పిండి ముద్ద తీసుకుని, వాళ్ళమ్మ జొన్నరొట్టె చేసినట్టు రెండు అరచేతుల మధ్య తప్పెట కొట్టినట్టు తట్టింది. పిండి గుండ్రంగా సాగింది. పెనం మీద వేస్తే పొంగింది కూడా. ఆవిడ గట్టిగా ఏదో అరిచి పక్కింటామెను పిలిచి చూపించింది. నాకూ ఒక ముద్ద ఇచ్చారు. నా రొట్టె, పటం గీయడం రానివాడు గీసిన ఆంధ్రప్రదేశ్‌లా వచ్చింది. పక్కింటామె దాన్ని చూసి ఇంకా గట్టిగా నవ్వింది. నాలుగు రొట్టెలు, ఉప్పు, పచ్చిమిర్చి నూరిన పచ్చడి. అంత రుచిగా నేను ఓడలో ఏమీ తినలేదు.

సాయంత్రం రేవులో ఓడ వైపు నడుస్తుంటే తను అడిగింది. “కోపమొచ్చిందా? నీకు ముందు చెప్పలే.”

“లేదు.”

“నీకేమనిపిస్తున్నదో ఒక్కసారి చెప్పు. నీ ఇష్టమన్నవంటే సముద్రంల నూకుత. ఈత గూడ రాదు నీకు.”

“నాకూ చాలనిపిస్తోంది,” అన్నాను.

“ఎప్పటిసంది?”

“మొదటిసారి తర్వాత నుంచి.”

తను ఆగిపోయింది. వెనకొస్తున్నవాళ్ళు మమ్మల్ని తప్పించుకుని వెళ్ళాల్సి వచ్చింది. “రెండోసారి అన్ని సూదులు నీ కోసమే పొడిపించుకున్న కదా నేను! నీకు కావాలేమో అని!”

“నీకు కావాలేమో అని నేను పొడిచాను.”

తన కళ్ళ నిండా నీళ్ళున్నాయి. నేను చెయ్యి పట్టుకోబోతే, పట్టుకోనిచ్చింది. అరచేతికి ఇంకా పిండి వాసన ఉంది. ఓడ మెట్ల దగ్గరికొచ్చాక అన్నది, “ఆ విగ్రహం వెనక దాక్కున్నోడివి నువ్వే. నేనేమో ముందర కూసోని దేవత మాట్లాడుతున్నదనుకున్న.”

మంగళవారం పొద్దున ప్లేనోలో, కాఫీ చల్లారుతుండగా, తను క్లినిక్ నంబరు కలిపి ఫోన్ నా చేతికిచ్చింది. “నువ్వు చెప్పు. ముందుకొచ్చి చెప్పు.”

అవతల అమ్మాయికి ఇంటిపేరు స్పెల్లింగ్ చెప్పడానికే రెండు నిమిషాలు పట్టింది. మిగతాది ఒక్క వాక్యం. మేం ఆపేస్తున్నామని చెప్పాను. ఇద్దరూ కలిసే అనుకున్నారా అని అడిగింది.

“అవును,” అన్నాను, కళ్ళు తెరిచే.