బావ మార్చుకున్న గేములు

మా బావ నడిపేది టవర్ క్రేన్. నేను కింద నిలబడి వాకీటాకీలో దారి చెప్పే సిగ్నల్‌మాన్‌ని. ఆయన కూర్చునే గాజు గది నేలకి నలభై మీటర్ల పైన ఉంటుంది. బరువు ఎక్కడ దిగుతోందో సగం సార్లు ఆయనకు కనిపించదు. కనిపించేది నాకు. అందుకే బరువు గాల్లో ఉన్నంతసేపూ నేను నోరు మూయకూడదు. "దించు, దించు, మెల్లగా, దించు" అని అంటూనే ఉండాలి. నా మాట ఆగిందంటే ఆయన లీవర్ వదిలెయ్యాలి. రేడియో పాడైనా, నేను కళ్ళు తిరిగి పడిపోయినా, ఆఖరికి తుమ్మొచ్చినా సరే, మాట ఆగితే బరువు ఆగాలి. మా పనిలో మొదటి పాఠం అది. ఇంట్లో కూడా నేను గుక్క తిప్పుకోకుండా వాగడానికి ఈ ఉద్యోగమే కారణమని నేనంటాను. పుట్టుకతోనే వచ్చిందని మా అక్క అంటుంది.

అక్కని చేసుకునేనాటికే బావ క్రేన్ మీద ఉన్నాడు. ఇరవై రెండేళ్ళు అక్కడే గడిచాయి. సైటులో ఆయన్ని అందరూ దూదిచెయ్యి అంటారు. రెండు టన్నుల గోడపలక దించినా కింద దుమ్ము లేవదు. కోపం రాదు, తొందరపడడు, తాగడు. ఇంత మంచితనం ఒక్క మనిషిలో చూస్తే నాకు కొంచెం ఒళ్ళు మండేది కూడా.

అలాంటి మనిషికి నలభై ఆరేళ్ళ వయసులో వీడియో గేముల పిచ్చి పట్టింది. చిన్నమ్మాయి పరీక్షలని అక్క ఆ పిల్ల చేతిలోంచి గేము లాక్కుని బీరువాలో పెట్టింది. అరచేతిలో పట్టే సైజు, మధ్యలో చిన్న తెర, అటూ ఇటూ బటన్లు. బావ ఓ రోజు దాన్ని బయటికి తీశాడు. అంతే, మళ్ళీ బీరువా ఎక్కలేదు. పరీక్షలయ్యాక చిన్నమ్మాయి వచ్చి అడిగితే, "నీకు సెలవులు చాలా ఉన్నాయమ్మా, నాకు లేవు" అన్నాడట.

నిజమే, ఆయనకి టైమెక్కడిది? పొద్దున బస్సులో ఇరవై ఐదు నిమిషాలు. మధ్యాహ్నం తిన్నాక పన్నెండు నిమిషాలు. సాయంత్రం బస్సులో కూర్చున్నాడంటే కునికిపాట్లే. ఇంటికి చేరితే పెద్దమ్మాయి లెక్కలు, వాళ్ళింట్లోనే ఉండే మా అమ్మ మందులు, రోజుకో కొత్త రోగం పట్టే నీళ్ళ మోటారు. క్రేన్ మీదికి మాత్రం గేము తీసుకెళ్ళేవాడు కాదు. నిచ్చెన కింద పెట్టెలో పెట్టి, తాళం వేసి, తాళం రెండుసార్లు లాగి చూసి ఎక్కేవాడు. ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు.

మా బస్‌స్టాపు వెనక పాత గేములు ఇచ్చి వేరేవి మార్చుకునే కొట్టొకటి ఉంది. నడిపేది ఓ నడివయసు ఆవిడ. మొదటిసారి బావతో నేనూ వెళ్ళాను. ఎలాంటి గేములు ఇష్టమని ఆవిడ అడగలేదు. "ఒకసారి కూర్చుంటే ఎంతసేపు ఆడగలరండీ? మధ్యలో ఎవరైనా పిలుస్తుంటారా?" అని అడిగింది. బావ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. డాక్టరుకి చెప్పుకున్నట్టు అన్నీ చెప్పాడు. స్టాపు రాగానే టక్కున ఆపెయ్యాలి. నాలుగు రోజుల తర్వాత తెరిచినా ఎక్కడున్నామో బుర్ర గోక్కోకూడదు. కళ్ళజోడుతో అక్షరాలు ఆనాలి. మొదలుపెట్టేముందు అరగంట కథ చెప్పకూడదు.

"అక్కని చేసుకునేటప్పుడు ఇన్ని ప్రశ్నలు వేశావా బావా?" అన్నాను.

"అప్పుడు టైం ఉండేదిరా" అన్నాడు.

కొట్టావిడ నవ్వి, లావుపాటి డబ్బాలన్నీ పక్కకి నెట్టేసింది. "ఇవి రోజుకి రెండు గంటలు ఉండేవాళ్ళకి. మీరు వారం ఆగి తెరిస్తే ఎవర్ని చంపడానికి బయల్దేరారో మీకే గుర్తుండదు" అంటూ మూడు చిన్న కార్డులు తీసిచ్చింది. ఒకటి కార్ల పందెం, రౌండుకి రెండు నిమిషాలు. ఒకటి గోడల మీంచి దూకే బుల్లి మనిషి. మూడోది పైనుంచి పడే దిమ్మల్ని సర్దే ఆట. అది చూడగానే నేను పకపకా నవ్వాను. రోజంతా దిమ్మలు దించే మనిషికి మధ్యాహ్నం మళ్ళీ దిమ్మలే!

ఏడాదిపాటు ఆ మూడూ ఆడాడు. బస్సులో పక్కవాళ్ళు మెడలు చాచి చూసేవాళ్ళు. దిమ్మలు వర్షంలా పడుతున్నా ఆయన బొటనవేలు ఒక్కటే కదిలేది, మొహం కదిలేది కాదు.

తర్వాత మార్చడం మొదలుపెట్టాడు. ముందు కార్ల పందెం ఇచ్చేశాడు. గుండ్రంగా తిరగడమేగా, విసుగట. నెలకి బుల్లి మనిషి వెళ్ళాడు. పిల్లల ఆటట. తర్వాత దిమ్మలు. రంగులు కళ్ళకి ఆనడం లేదట. వాటి బదులు వచ్చినవేమిటంటే, మొక్కలకి నీళ్ళు పోసి కూర్చునే తోట ఒకటి, గడుల్లో అంకెలు నింపేది ఒకటి. తొందరేమీ ఉండదు, ఒక్కో గడి దగ్గర ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు.

"ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే బావా" అన్నాను ఓ మధ్యాహ్నం. ఎప్పుడూ నా మాటకి మాట అప్పజెప్పే మనిషి ఆ రోజు గేము మూసేసి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత వారం గేము నా చేతికిచ్చాడు. "కుడి బటన్ దానంతటదే నొక్కుకుంటోంది. కొట్లో చూపించు" అన్నాడు.

కొట్టావిడ దాన్ని విప్పను కూడా లేదు. "ఇది మూడోసారండీ. రెండుసార్లు విప్పి చూశాను. బటన్‌కి ఏమీ కాలేదు" అంటూ నా ఎదుటే దిమ్మల కార్డు పెట్టి ఆడి చూపించింది. ఒక్క దిమ్మ తప్పు పడలేదు. తర్వాత గేము నా చేతిలో పెట్టి కొంచెం గొంతు తగ్గించింది. "మా నాన్నకీ ఇలాగే మొదలైంది. ముందు బొటనవేలు, తర్వాత చెయ్యి. ఒకసారి డాక్టరుకి చూపించమనండి. అవునూ, ఆయనేం పని చేస్తారు?"

"ఆఫీసులో" అన్నాను.

ఎందుకలా అన్నానో నాకే తెలియదు. కొట్టు దిగుతుంటే క్రేన్ లీవర్లు గుర్తొచ్చాయి. క్రేన్‌లో ఎడమ చేతి లీవర్‌తో బరువు పక్కలకి తిరుగుతుంది. ఎక్కించేదీ దించేదీ కుడి చేతి లీవరే.

మర్నాడు కొట్లోంచి కార్ల పందెం కార్డు మళ్ళీ తెచ్చాను. బస్సు ఎక్కగానే గేములో పెట్టి ఇచ్చాను. "ఒక్క రౌండు ఆడు బావా, చూస్తాను." నా మొహంలోకి ఓసారి చూసి తీసుకున్నాడు. కారు మొదటి మలుపులోనే గోడకి గుద్దుకుంది. మళ్ళీ గుద్దుకుంది. ఆయన బొటనవేలు బటన్ మీద సన్నగా కొట్టుకుంటోంది, ఆయనతో సంబంధం లేనట్టు.

"బస్సు అదురుతోందిరా" అన్నాడు.

బస్సు రెడ్‌లైట్ దగ్గర ఆగి ఉంది.

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ "అవును, ఈ బస్సులింతే" అన్నాను. అరిచి చెప్పాల్సిన చోట అంత మెత్తగా మాట్లాడటం నా జీవితంలో అదే మొదటిసారి.

ఆ రోజునుంచి నాకు తిండి సరిగ్గా దిగలేదు. పైన కొక్కెం కదిలితే చాలు, వీపున చెమట కారేది. నా ఒక్కడి ప్రాణమైతే ఎలాగో సర్దుకునేవాణ్ణి. బరువు దిగేచోట దాన్ని చేత్తో పట్టి సరిచేసే ఫిట్టర్లు ఇద్దరున్నారు, అన్నదమ్ములు. అన్న పొడుగు, తమ్ముడు మాటకారి. చేతులు పైకి చాచి బరువు కిందే నిలబడతారు, అందుకోవడానికి. "కొంచెం అవతలికి జరగండి" అని నేను పదేపదే అంటుంటే తమ్ముడు నవ్వేవాడు. "దూదిచెయ్యి దించుతుంటే భయమేంటన్నా? ఇక్కడే పడుకోమన్నా పడుకుంటా" అనేవాడు.

ఎవరికి చెప్పను? పై ఆఫీసులో ఒక్క ముక్క చెబితే బావ మళ్ళీ ఆ నిచ్చెన ఎక్కడు. ఆయనకి ఇంకో పని రాదు. నాకీ ఉద్యోగం ఇప్పించింది కూడా ఆయనే. అక్కతో చెబుదామని ఓ ఆదివారం వెళ్ళాను. నేను నోరు తెరిచేలోపే, "మీ బావ ఈమధ్య టీ నిండా పొయ్యొద్దంటున్నాడు, సగమే తాగుతాడట. షుగరేమైనా వచ్చిందంటావా?" అని అడిగింది. "వచ్చే ఉంటుంది" అన్నాను. కక్కలేక మింగలేక ఇంటికొచ్చాను.

ఒక్కోరోజు చెయ్యి నిలకడగానే ఉండేది. అలాంటి రోజు బరువు మునుపటిలా దూదిలా దిగితే, అంతా నా అనుమానమేనని మనసు కుదుటపడేది. కొట్టావిడకి ఏం తెలుసు, బటన్లు అమ్ముకునే మనిషి అనుకునేవాణ్ణి. మళ్ళీ తెల్లారేసరికి భయం మొదలు.

ఆ రోజు పొద్దున పదకొండు గంటలప్పుడు ఐదో అంతస్తుకి మెట్ల దిమ్మ ఎత్తాం. ఒకే ముక్కగా పోసిన సిమెంటు మెట్లు, టన్నున్నర బరువు. గాలి కూడా లేదు. అన్నదమ్ములిద్దరూ చేతులు చాచి నిలబడ్డారు. వాళ్ళకి నాలుగడుగుల దూరంలో, అదే అంతస్తులో నేను. "దించు, దించు, మెల్లగా, ఇంకొంచెం, దించు" అంటున్నాను. తల ఎత్తున ఉండగా దిమ్మ ఒక్కసారిగా జానెడు జారింది. ఆగింది. కుదుపుకి పక్కకి ఊగి, మళ్ళీ నాలుగు వేళ్ళు జారింది. పొడుగాయన చేతులు వెనక్కి లాక్కున్నాడు. తమ్ముడు లాక్కోలేదు, దిమ్మ ఊగకుండా పట్టుకుందామని ఇంకా దగ్గరికి జరిగాడు.

నా నోరు మూసుకుపోయింది. ఆపాలని ఆపింది కాదు. భయంతో నాలుక పిడచకట్టుకుపోయింది.

దిమ్మ ఆగింది. నా మాట ఆగితే ఆగాలి కాబట్టి బావ లీవర్ వదిలేశాడు.

"ఏరా, మాట్లాడు" అన్నాడు రేడియోలో. "రేడియో పోయిందా? బామ్మర్దీ?"

ఆ రేడియోలో అనేది మా ఇద్దరికే కాదు, సైటంతా వినిపిస్తుంది. సూపర్‌వైజరు వింటాడు, స్టోరులో వింటారు, గేటు దగ్గర వాచ్‌మాన్ కూడా వింటాడు. "ఏం లేదు బావా, దించు" అంటే చాలు, ఆ రోజుకి గండం గడుస్తుంది. తమ్ముడి చేతులు ఇంకా దిమ్మ మీదే ఉన్నాయి.

"మీరిద్దరూ ముందు అవతలికి పోండి!" అని అరిచాను. వాళ్ళు పోయారు. అప్పుడు వాకీటాకీ బటన్ నొక్కాను. "బావా, నీ కుడి చెయ్యి వణుకుతోంది. దాన్ని తీసెయ్. ఎడమ చేత్తో ఆ లీవర్ పట్టుకుని దించు. ఇక్కడెవరూ లేరు. దించి, లాక్ చేసి దిగిపో."

సైటులో సమ్మెట చప్పుళ్ళు ఆగిపోయాయి. చాలాసేపటికి దిమ్మ కదిలింది. నేను "దించు, దించు" అంటూ ఉన్నాను, అది వెంట్రుకవాసి చొప్పున దిగి, కొంచెం వంకరగా కూర్చుంది.

పరిగెత్తుకుంటూ మెట్లు దిగి క్రేన్ నిచ్చెన దగ్గరికి వచ్చాను. బావ దిగడానికి పది నిమిషాలు పట్టింది. ఒక్కో మెట్టూ ఆ చేత్తోనే పట్టుకుంటున్నాడని అప్పుడు గుర్తొచ్చి పైప్రాణాలు పైనే పోయాయి. సూపర్‌వైజరు వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

బావ నేల మీద కాలు పెట్టాడు. హెల్మెట్ తీశాడు. ఇరవై రెండేళ్ళ పని నలుగురి ముందు పోగొట్టినందుకు నన్ను కొట్టినా పడదామనుకున్నాను. ఆయన సూపర్‌వైజరు వైపు చూడనే లేదు.

"ఎప్పట్నించి తెలుసు నీకు?" అని అడిగాడు.

"పద్దెనిమిది రోజులు బావా."

"నాకు భయమేసిందిరా. ఈ పని పోతే ఏమైపోతానోనని దాచాను. తప్పే. ఆ గేము పట్టుకున్నప్పుడల్లా తెలుస్తూనే ఉంది." ఆయన గొంతు పెంచలేదు. "కానీ పైన కూర్చుంటే కింద ఎవరున్నారో నాకు కనపడదు. నువ్వు చూస్తున్నావుగా. పద్దెనిమిది రోజులూ వాళ్ళిద్దర్నీ చూస్తూ, నాకు దించమని ఎలా చెప్పావురా?"

ఆ అన్నదమ్ములు మెట్లు దిగి మా వైపే వస్తున్నారు. తమ్ముడు దూరంనుంచే చెయ్యెత్తి, "థాంక్సన్నా, నీవల్ల బతికిపోయాం!" అని అరిచాడు.