మెట్ల కింద రెండో తనిఖీ

అడవిలో కాపలా నుంచి నన్ను విమానాశ్రయానికి మార్చినప్పుడు మా దళంలో జవాన్లందరూ కుళ్ళుకున్నారు. ఏసీలో ఉద్యోగం కొట్టేశావన్నారు. దిగిన రోజు జోరున వాన. ఒక తుపాకీ, ఒక వైర్‌లెస్ సెట్టు, తడిసిన రెయిన్‌కోటు చేతికిచ్చి, నీ స్థానం విమానం మెట్ల కింద అన్నారు. అక్కడ ఏసీ ఏమిటి, నా మొహం! వాన వెళ్ళి ఎండ వచ్చాక సిమెంటు నేల బూట్లలోంచి కాల్చేది.

ఖరగ్‌పూర్‌లో మా తెలుగు రైల్వేవాళ్ళుండే ట్రాఫిక్ కాలనీలో ఇప్పటికీ అడుగుతారు. "ఏటి బావూ, ఇన్నేళ్ళు సేసినావు గదా, యుద్ధం సూసినావా?" అని. చూడలేదు. అలర్ట్ చూశాను.

అలర్ట్ అంటే మీకు టీవీలో ఎర్ర అక్షరాలు. మాకు సెలవుల రద్దు, పన్నెండు గంటల డ్యూటీ. ప్రయాణికులకైతే నరకం. సాగనంపడానికి వచ్చినవాళ్ళు గేటు బయటే ఆగిపోవాలి. లోపల ఒకసారి తడిమి వదిలినవాణ్ణి మెట్ల కింద మేం మళ్ళీ తడమాలి. మందులు, పసిపిల్లల పాలు తప్ప చుక్క ద్రవం పైకి ఎక్కకూడదు. అవైనా సరే, తెచ్చినవాడు మా ముందు ఒక గుక్క తాగి చూపించాలి. గొంతు దిగడం మేం కళ్ళారా చూడాలి. అదీ ఆర్డరు.

అలర్ట్ మొదలైన నాలుగో రోజు మధ్యాహ్నం మద్రాసు విమానం. వరసలో చివర ఒక మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి. సంచీని రెండు చేతులతో పొట్టకి హత్తుకుని నిలబడ్డాడు. తెరిపించాను. తడి తువ్వాలులో చుట్టిన గాజు సీసా. పాలు. పిల్ల ఏదని హిందీలో అడిగాను. మద్రాసు ఆస్పత్రిలో ఉందన్నాడు. టికెట్టు మీద పేరు చూసి తెలుగులోకి దిగాను. ఊరు ఖరగ్‌పూర్, ఉండేది ట్రాఫిక్, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరట. నాదీ ట్రాఫికే అన్నాను.

"హమ్మయ్య, మనోళ్ళే!" అని ఊపిరి పీల్చుకున్నాడు. "నెలలు నిండని పిల్లన్నా. గుండెలో బెజ్జం ఉందన్నారు. మాయమ్మ దాన్నట్టుకుని ముందే ఎల్లిపోనాది. మా ఇంటిది ఆపరేసనయ్యి ఇక్కడే ఆస్పత్రిలో మంచం మీదుంది. డబ్బా పాలు పిల్లకి పడట్లేదంట. తల్లి పాలే తెమ్మన్నారు."

"ఒక్క గుక్క తాగి చూపించు తమ్ముడూ, వెళ్ళిపోదువుగాని" అన్నాను.

అతను కొయ్యబారిపోయాడు. "నానా? మా ఇంటిదాని పాలు నానెలా తాగుతానన్నా? తప్పు కాదేటి?"

మనకి వేరే చెప్పాలా? ఎవరి పాలు తాగితే ఆమె తల్లి. పెళ్ళాం పాలు మొగుడి నోట్లో పడితే ఇక ఆ ఇంట్లో ఏ మొహంతో ఉంటాడు? నాకు తెలుసు. పక్కనున్న బెంగాలీ మహిళా జవానుకి తెలియదు. "దాదా, తాగనంటున్నాడంటే ఏదో ఉంది" అని నా చెవిలో అంది. ఆమె తప్పేం లేదు. అలర్టులో వద్దన్న ప్రతివాడూ దొంగే.

వైర్‌లెస్‌లో ఇన్‌స్పెక్టరుకి చెప్పాను. "సార్, భార్య పాలు. మావాళ్ళలో భర్త తాగకూడదు. బదులు నేను తాగుతాను."

"నీకు మతి పోయిందా? తెచ్చినవాడే తాగాలి. తాగకపోతే సీసా పారబోయించి, మనిషిని వెనక్కి పంపు. ఓవర్."

అదే మాట అతనికి చెప్పాను.

"పారబోసేస్తారా?" అన్నాడు. "తెల్లారగట్ట నుంచి ఏడ్సుకుంటా పిండినాదన్నా."

మెట్ల మీద జనం ఆగిపోయి చూస్తున్నారు. ఎవరో ఆలస్యమవుతోందని విసుక్కున్నారు. అతను మూత తీసి, నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. గొంతు దిగడం చూడాలి కదా. "ఇటు తిరుగు తమ్ముడూ" అన్నాను. ఆ మాట నా నోటితోనే రావాలా!

తిరిగాడు. సీసాని కళ్ళకద్దుకున్నాడు. "అమ్మా" అని ఒక గుక్క తాగాడు.

"ఠీక్ హై" అంది మహిళా జవాను. విమానం ఎగిరింది. అలర్ట్ ఇంకో వారం నడిచింది.

ఐదారేళ్ళ తర్వాత రిటైరై ఇంటికొచ్చాను. కొన్నాళ్ళకి ఒక ఆదివారం మా ఇంటి గుమ్మంలో ఆ మనిషి. వెనక భార్య, ఆమె చెయ్యి పట్టుకుని రెండు జడల పిల్ల. బతికిందన్నమాట!

ఆవిడ నా కాళ్ళకి దండం పెట్టబోయింది. "మీరే అంట గదన్నా. అంత సెకింగులోనూ ఒక్క సుక్క పోకుండా పంపించినారంట. ఈయన ఎప్పుడూ సెప్తాడు."

అతను ఆమె వెనక నిలబడి నావైపే చూస్తున్నాడు. తల అడ్డంగా ఊపలేదు, సైగ చెయ్యలేదు. చూశాడంతే.

"అవునమ్మా, ఒక్క చుక్క కూడా పోలేదు" అన్నాను.

వాళ్ళు టీ తాగి వెళ్ళిపోయారు. కళ్ళు మూసినా తెరిచినా ఒకటే కనిపిస్తుంది. మండే ఎండలో మెట్లెక్కబోతూ ఆగి, సీసా పైకెత్తి, తన గుక్కతో ఎంత తగ్గిందో వెలుతురులో చూసుకుంటున్న తండ్రి.