భయంతోనే తోలిన బండి

ఆటో చప్పుడు వినబడితే సువార్తకు అరచేతులు చెమట పట్టేవి. బండి కనబడక్కర్లేదు. వీధి మలుపులో ఎక్కడో ఇంజను టకటకలాడితే చాలు, చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టి, గోడకు ఆనుకుని, అది దాటిపోయేదాకా ఊపిరి బిగబట్టి నిలబడేది. మొగుడు ఏసుబాబుదేమో ఆటో తోలే పనే. పొద్దున్నే అతను బండి తీసే వేళకు ఆమె పెరట్లోకి వెళ్ళిపోయేది.

మొదటినుంచీ ఇలాంటి మనిషి కాదు సువార్త. అద్దంకికి దగ్గర్లో వాళ్ళ ఊరు. మిరపకోతలు మొదలైతే ఆడవాళ్ళందరికంటే ముందు ఆటో దగ్గర నిలబడేది ఆమే. ఆ ఏడు కూలీల మేస్త్రి మాట్లాడిన ఆటోలో ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని పొరుగూరి చేలకు బయల్దేరారు. సువార్త పక్కన ఆమె తోడికోడలు రాహేలమ్మ. ఎదురుగా పత్తి లోడుతో లారీ వచ్చింది. తప్పుకోబోతే ఎడమ చక్రం తారు అంచు దిగింది. అంత బరువుతో బండి మళ్ళీ పైకి ఎక్కలేకపోయింది. పక్కన పంటకాలువ. నీళ్ళు మోకాలి లోతే. కానీ బండి కింద ఉన్నవాళ్ళకు ఆ లోతు చాలు. జనం వచ్చి ఆటోను పైకెత్తేసరికి సువార్త చేతిలో రాహేలమ్మ చెయ్యి ఉంది. ఆ చేతిలో పట్టు లేదు.

ఊళ్ళో చర్చిలో సువార్త బతికినందుకు స్తుతి కూడిక పెట్టారు. లేచి సాక్ష్యం చెప్పమన్నారు. ఆమె లేచింది గానీ నోరు పెగల్లేదు. నేను బతికినందుకు స్తుతిస్తే రాహేలమ్మక్క మాటేమిటన్న ఆలోచన గొంతుకు అడ్డం పడింది. చివరికి ఒక పెద్దాయన మంచి మనసుతోనే, విశ్వాసం ఉన్నచోట భయానికి చోటుండదమ్మా అని ఓదార్చి కూర్చోబెట్టాడు.

ఆ ఓదార్పే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. అప్పటిదాకా ఆటో అంటేనే భయం. ఇప్పుడు ఆ భయం నలుగురికీ తెలుస్తుందని ఇంకో భయం. ఆదివారం అందరితోపాటు పాడేది, చేతులెత్తేది. ఇంటికొచ్చాక మంచం మీద ముడుచుకుని పడుకునేది. ప్రభువా, ఈ భయం తీసెయ్యి అని అడగని రోజు లేదు. అది పోలేదు. అడిగినా పోలేదంటే తన ప్రార్థన ఆయన దాకా పోవట్లేదేమో అనుకుని ఇంకా హడలిపోయేది. నిద్ర తగ్గింది. ఇంటింటికీ వచ్చే నర్సమ్మ బీపీ చూసి, ఇంత ఉందేమిటి, దేనికమ్మా అంత ఆలోచన అంది. సువార్త ఏమీ లేదని చెప్పింది. నడిచి వెళ్ళగలిగే చేలల్లో మాత్రమే పనికి పోతూ రెండు కోతల కాలాలు గడిపింది.

ఒక ఆదివారం చర్చికి తయారవుతూ ఏసుబాబు చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాడు. ఏమిటలా తడుముతున్నావని సువార్త దగ్గరికి వెళ్ళేసరికి అతని మూతి ఒక పక్కకు లాగేసి ఉంది. నూట ఎనిమిది బండి వచ్చింది. దాంట్లోకి తను ఎలా ఎక్కిందో, ఒంగోలు దాకా ఎలా కూర్చుందో ఆమెకు గుర్తులేదు. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వచ్చేది.

అద్దంకిలో హారిక అనే అమ్మాయి ఫిజియోథెరపీ చేసేది. ఆమె మొదటిరోజే చెప్పింది, పోయిన చెయ్యి పోయిందని వదిలేయకూడదట. చంటిపిల్లకు నేర్పినట్టు కాలుకు నడక మళ్ళీ నేర్పాలట. పడతారనీ, పడకుండా ఎవరికీ నడక రాదనీ, మధ్యలో మానేస్తే వచ్చింది కూడా పోతుందనీ హెచ్చరించింది. ఏసుబాబు స్నేహితుడు మీరావలి తన ఆటోలో తీసుకెళ్ళేవాడు. వెళ్ళినంతసేపూ సువార్త కళ్ళు మూసుకుని కమ్మీ పట్టుకుని కూర్చునేది. మీరావలికి కిరాయి తగిలిన రోజున ప్రయాణం ఆగిపోయేది. ఏసుబాబు ఆటో మాత్రం పట్టా కప్పుకుని ఇంటి ముందే ఉండేది.

ఒకరోజు ఏసుబాబు మంచం పట్టె వదలనని మొండికేశాడు. ముందురోజు పడ్డాడు, మోచెయ్యి చీరుకుపోయింది. సువార్త ఎదురుగా నిలబడి చేతులు చాచింది.

"పడితే పడతావు. మళ్ళీ లేద్దువుగాని. నేనున్నాగా, రా."

అతను ఆమెవైపు చూశాడు. ఆ చూపు మెల్లగా వాకిట్లో పట్టా కప్పిన బండి మీదకు వెళ్ళింది.

"మరి... నువ్వు?" అన్నాడు ముద్దగా.

సువార్తకు ఒళ్ళు మండిపోయింది. పెరట్లోకి పోయి, నీళ్ళ తొట్టి పక్కన కూర్చుంది. రాహేలమ్మ చెయ్యి పట్టుకున్న తను అలాంటి బండి హ్యాండిల్ పట్టుకోవాలా? అయినా అతని మాటలో తప్పు వెతకలేకపోయింది. ఎందుకంటే తను అతనికి రోజూ చెప్పేది అదే. సాయంత్రం మీరావలి వస్తే, ఆటో నేర్పుతావా అని తల ఎత్తకుండా అడిగింది.

ఏసుబాబు బండికి పట్టా తీసి, ఊరి బయట బీడులో నేర్పడం మొదలుపెట్టాడు మీరావలి. మొదటిరోజు ఇంజను కూడా వేయలేదు. డ్రైవరు సీట్లో ఊరికే కూర్చోమన్నాడు. కూర్చుంది, దిగింది, చేను గట్టున వాంతి చేసుకుంది. అతను మంచినీళ్ళు ఇచ్చి, రేపు మళ్ళీ కూర్చుందువులే వదినా అన్నాడు. అలా కూర్చోగా కూర్చోగా ఇంజను వేయడం వచ్చింది. క్లచ్ వదిలితే బండి గుర్రుమని ఎగిరి ఆగిపోయేది. కొన్నాళ్ళకు బీడు చుట్టూ తిరగడం వచ్చింది. ఇంక పరవాలేదు అనుకుంటున్నప్పుడు ఆ సంగతి జరిగింది.

బీడు పక్కనే వెంకయ్య కల్లం. మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. మలుపులో ఒక కుక్క అడ్డం వచ్చింది. సువార్త బెదిరి హ్యాండిల్ గట్టిగా బిగించి పట్టుకుంది. ఆటో ఆగలేదు సరికదా, వేగం పెరిగి కల్లంలోకి దూసుకుపోయి కాయల మధ్య ఆగింది. వెంకయ్య పరుగెత్తుకొచ్చాడు.

"కళ్ళు కనపడతన్నాయా నీకు? ఇందాకటిదాకా ఆడోళ్ళు ఇక్కడే కూర్చుని తాలుకాయ ఏరుతున్నారు. ఇప్పుడే అన్నాలకు లేచారు. లేకపోతే ఏంగాను?"

ఆడవాళ్ళు కూర్చుని లేచిన పీటలు చక్రాల కింద నలిగి ఉండటం చూసింది సువార్త. ఘాటుకు అందరూ దగ్గుతున్నారు. ఆమె మాత్రం దగ్గడం కూడా మరిచిపోయి వాటినే చూస్తూ ఉండిపోయింది. రాహేలమ్మను పోగొట్టుకున్న తను ఇంకొకరి రాహేలమ్మను తీసుకుపోయేదే. తాళం మీరావలి చేతిలో పెట్టి, నా వల్ల కాదు అనేసి నడిచి ఇంటికి వచ్చింది. తర్వాత కొన్ని రోజులు వాకిలి దాటలేదు. అన్నం సహించేది కాదు.

సంగతి తెలిసి పాస్టరుగారి భార్య రూతమ్మగారు వచ్చారు. ప్రార్థన చేద్దామా అని ఆవిడ అడిగితే సువార్త మొదటిసారి దాచకుండా బయటపడింది.

"రోజూ చేస్తన్నానమ్మగారూ. భయం పోవట్లా. నా విశ్వాసమే మంచిది కాదేమో."

రూతమ్మగారు తన సంగతి చెప్పారు. పెళ్ళయి ఈ ఊరు వచ్చిన కొత్తలో నలుగురిలో ప్రార్థన చేయమంటే ఆవిడకు కాళ్ళు వణికేవట. పాస్టరమ్మకు ప్రార్థన రాదని జనం నవ్వుకుంటారని, శనివారం వస్తే జ్వరం నటించేవారట. నలుగురిలో నోరు తెరవడానికి ఏళ్ళు పట్టిందట. ఇప్పటికీ మొదటి మాట నోట్లోంచి వచ్చేదాకా భయమేనట.

"శిష్యులంటే ఎవరమ్మా? నేర్చుకునేవాళ్ళేగా," అన్నారావిడ. "అన్నీ వచ్చినోళ్ళని ఏరుకుని పిలవలేదు ప్రభువు. రానోళ్ళని పిలిచి, వెంట తిప్పుకుని, తప్పు చేస్తే మళ్ళీ చెప్పాడు. భయపడ్డావని నిన్ను వదిలేస్తాడా? భయం తీసెయ్యమని అడుగు, వద్దనను. దాంతోపాటు నేర్పించమని కూడా అడుగు. ఇవాళ రాలేదంటే ఇంకా రాలేదని. అంతే."

ఆవిడ వెళ్ళాక సువార్త చాలాసేపు ఏడ్చింది. ఆ ఏడుపు తర్వాత ఎన్నాళ్ళకో నిద్ర పట్టింది. లేచి, వెంకయ్య ఇంటికి వెళ్ళి తప్పయిందని చెప్పింది. ఆయన కోపం అప్పటికే దిగింది, కల్లం దిక్కు మాత్రం రావద్దన్నాడు. తర్వాత మీరావలిని కూర్చోబెట్టి, ఆ రోజు తను ఎక్కడ తప్పు చేసిందో చెప్పమంది. ఇంతకుముందు ఆ మాట అడగాలని ఆమెకు తోచలేదు. తప్పు జరిగిందంటే తను పనికిరానిదనే అనుకునేది. మీరావలి చెప్పిందేమంటే, భయం వేసినప్పుడు ఆమె కుడి పిడికిలి బిగుసుకుంటోంది, దాంతో యాక్సిలరేటరు తిరిగిపోతోంది. పిడికిలి వదలాలి, కాలుతో బ్రేకు తొక్కాలి. ఆమె పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు కూడా పిడికిలి బిగించి వదలడం, కాలు నొక్కడం చేసేది. నేర్పించు ప్రభువా, అనుకుంటూ.

లైసెన్సు వచ్చాక ఏసుబాబును వెనక కూర్చోబెట్టుకుని అద్దంకి బయల్దేరింది. మీరావలి అతని పక్కన కూర్చున్నాడు. కాలువ వంతెన ఎక్కుతుంటే, ఎదురుగా ట్రాక్టరు వచ్చిందని ఆగబోయి క్లచ్ వదిలేసింది. ఇంజను ఆగిపోయింది. బండి మెల్లగా వెనక్కి జారడం మొదలైంది. పక్కనే కాలువ, నిండా నీళ్ళు. సువార్త పిడికిలి ఇనుములా బిగుసుకుంది. మీరావలి ఏదో అంటున్నాడు, ఆమెకు వినబడలేదు. వినబడింది ఏసుబాబు గొంతే.

"కాలు," అన్నాడు.

ఆమె తొక్కింది. బండి ఆగింది. వేళ్ళు ఒక్కొక్కటిగా వదులు చేసింది. ట్రాక్టరు దాటిపోయాక, ఏడుస్తూనే ఇంజను వేసి, క్లచ్ మెల్లగా వదులుతూ వంతెన ఎక్కించింది. ఆస్పత్రి ముందు దిగినప్పుడు ఆమె రవిక తడిసి ముద్దయింది. మీరావలి మెచ్చుకోబోతే, తిరిగి వెళ్ళేటప్పుడు కూడా వంతెన ఉందిగా, అప్పుడు చెప్పు అంది.

ఇప్పుడు ఏసుబాబు కర్ర సాయంతో చర్చి దాకా నడుస్తాడు. సువార్త బీపీ అదుపులో ఉందని నర్సమ్మ అంటోంది. మందు మాత్రం మానలేదు. కోతల కాలంలో సువార్త ఆడవాళ్ళను చేలకు తీసుకెళ్తుంది. సీట్లు నిండాక ఇంకొకరిని ఎక్కించుకోదు. మేస్త్రి ఎంత గొణిగినా రెండు విడతలుగా తిరుగుతుంది. పంటకాలువ పక్కన ఆ చోటు దాటేటప్పుడు ఇవాళ్టికీ ఆమెకు భయమేస్తుంది. దాచుకోదు. వెనక కూర్చున్నవాళ్ళను కాసేపు మాట్లాడకుండా ఉండమని అడుగుతుంది. వాళ్ళు ఊరుకుంటారు.

మొన్న పక్కవీధి మస్తాన్‌బీ కోడలు సిద్దికా వచ్చి తనకూ నేర్పమంది. నేర్చుకుంటే భయం పోతుందా అక్కా అని అడిగింది. సువార్తకు అబద్ధం చెప్పాలనిపించలేదు. నాకైతే పోలేదమ్మా అంది. అయినా సీటు మీద దుమ్ము తుడిచి, ఇంజను వేయకుండా ఊరికే కూర్చో ముందు అని పక్కకు జరిగింది.