పొదుగు గంప, చాయ్ గిన్నె

ఈ పొద్దున అమ్మవాళ్ల ఇంటికి పోయేసరికి చుక్కల కోడి ఖాళీ గంపలో కూర్చుని ఉంది. నాందేడ్‌లో మా ఇంటికి నాలుగు సందుల అవతలే అమ్మ ఇల్లు, వారానికి రెండుసార్లయినా పోతాను. కోడి దగ్గరికి చెయ్యి పోనిస్తే ఒళ్లంతా ఉబ్బించి కొర్రుమంది. పొదుగుకొచ్చిందన్నమాట. కింద ఒక్క గుడ్డు లేదు. పోనీ ఇంట్లో గుడ్లు లేవా అంటే, కుండలో ఉన్నాయి. "పెట్టలేదేందమ్మా?" అన్నాను. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ తల ఎత్తకుండా, "ఎవరు పెడ్తరే?" అంది. కోడి కింద గుడ్లు పెట్టడంలో ఈ వాడకంతా పెద్ద దిక్కయిన మనిషి నోట ఆ మాట వినాల్సి వచ్చింది.

మా వాడలో తెలుగువాళ్లు, మరాఠీవాళ్లు అని లేదు, ఎవరింట్లో కోడి పొదుగుకొచ్చినా అమ్మకే పిలుపు వచ్చేది. ఆమె చెయ్యి మంచిదని పేరు. గంపలో బూడిద పోసి, గడ్డి పరిచి, ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా ఒక ఇనుప మేకు, దిష్టికి ఒక బొగ్గు ముక్క, రెండు ఎండుమిరపకాయలు ఉంచి, ఆ తర్వాత ఒక్కొక్క గుడ్డునూ చంటిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టేది. ఆ సమయంలో ఎవరూ తుమ్మకూడదు. మా నాన్నకు పొడుం అలవాటు, కాబట్టి ఆయన్ను ముందే బజారుకు తరిమేసేది. ఆయన కాలం చేసేదాకా ఈ ఏర్పాటు మారలేదు.

వదినను మాత్రం వంటింట్లోకి పంపేది. "బిడ్డా, పోయి జర చాయ్ పెట్టు" అనేది, ఎంతో ముద్దుగా. వదినది కిన్వట్ వైపు ఊరు. మా అన్నను చేసుకుని వచ్చాక ఒక బిడ్డ కడుపులోనే పోయింది, ఇంకొకటి పుట్టి కళ్లు తెరవకముందే పోయింది. కడుపు నిలవని ఆడది పొదుగు గుడ్లు ముట్టకూడదని మా వాళ్లలో ఒక పట్టింపు. అమ్మ ఆ మాట ఏనాడూ పైకి అనలేదు, చాయ్ పెట్టమనేది, అంతే. వదినకు తెలియదా? తెలుసు. ఆమె కోపమంతా చక్కెర డబ్బా మూత మీదే. ఆ మూత ఠప్పున పడ్డ చప్పుడు గంప దాకా వినిపించేది, అమ్మ విననట్టే గుడ్లు సర్దుకునేది. చాయ్ మాత్రం వదిన అల్లం దంచి వేసి అద్భుతంగా పెట్టేది. సగం మంది ఆడవాళ్లు కోడి పేరు చెప్పుకుని ఆ చాయ్ కోసమే వచ్చేవారని నా నమ్మకం.

నిరుడు చలికాలంలో మా అన్న గుడ్లు పొదిగే మిషన్ ఒకటి కొనుక్కొచ్చాడు. థర్మాకోల్ డబ్బా, లోపల బల్బు, చిన్న ఫ్యాన్, వేడి చూసుకునే అద్దపు కడ్డీ. ఎవరి కోసమని అన్న చెప్పలేదు, తిన్నగా తీసుకుపోయి వదిన మంచం పక్కన పెట్టాడు. అమ్మకు నవ్వాగలేదు. "గీ డబ్బకు కొర్రుమనరాదు, ముక్కుతోని గుడ్డు తిప్పరాదు. పిల్లలెట్ల లేస్తయిరా?" అంది. తిప్పే పని వదినే చేసింది. గుడ్డు మీద పెన్సిలుతో గీత గీసుకుని పొద్దునా సాయంత్రం పక్క మార్చేది. ఫోన్ లైటు ఆనించి లోపలి ఎర్రటి నరాలు చూసుకునేది. రోజంతా ఆమె కాళ్లు ఆ డబ్బా చుట్టే తిరిగేవి.

పిల్లలు లేచే దినాలు దగ్గర పడ్డాక, ఒక మధ్యాహ్నం కాలం కాని కాలంలో గాలివాన వచ్చి తీగలు తెగిపడ్డాయి. కరెంటు పోయింది, ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు. నేను అక్కడే ఉన్నాను. ఒకటే చలిగాలి. వదిన గుడ్లన్నీ పాత చీరముక్కలో పరిచి, పొట్టకు ఆనించి నడుము చుట్టూ కట్టుకుని, గోడకు ఒరిగి కూర్చుంది. అమ్మ లోపలికొచ్చి ఆ పొట్ట వంక చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏందే బిడ్డా గది?"

"గుడ్లత్తమ్మా. సల్లవడుతున్నయి. నేను లేవ, జర మీరే ఏమన్న చేస్కోండ్రి."

అమ్మ తన శాలువా తెచ్చి వదిన చుట్టూ కప్పి, వంటింట్లోకి పోయింది. చాయ్ తెచ్చి చేతికిచ్చింది. ఆ ఇంట్లో అత్త కోడలికి చాయ్ ఇవ్వడం నేను చూసింది అదే మొదలు. దీపాలు పెట్టే వేళకు గానీ కరెంటు రాలేదు. కొన్ని గుడ్లు పోయాయి. మిగిలినవి రెండు మూడు రోజుల్లో పగిలి పిల్లలొచ్చాయి. వాటికి తల్లి లేదు కదా, అమ్మ అప్పటికి పొదుగు మీదున్న తన కోడి రెక్కల కిందికి వాటిని ఒక్కొక్కటిగా తోసి, అది పొడవకుండా సర్దుకుని కూర్చునేదాకా చూసి, "తీస్కున్నది సూడు" అంది. వదిన ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచాలి.

ఆ శివరాత్రి దాటాక పక్కింటి కోడి పొదుగుకొచ్చింది. అమ్మ వదినను వెంటబెట్టుకుని పోయి, నలుగురి ముందు గుడ్ల గిన్నె ఆమె చేతిలో పెట్టింది. "ఆజీ, హీ ఠేవణార్?" అని మేం కాకూ అని పిలిచే ఆ ఇంటి మరాఠీ ఆవిడ అనుమానంగా అడిగింది, ఈమె పెడుతుందా అని. అమ్మ ఆమెను ఒక చూపు చూసింది. "మా కోడలు పెడ్తది. చాయ్ నేను పెడ్త, పొయ్యి యాడున్నది?" వదిన గుడ్లు ఒక్కొక్కటే గంపలో పెట్టింది. అమ్మ పెట్టిన చాయ్‌లో చక్కెర ఎక్కువై గొంతు దిగలేదు, అయినా అందరం తాగాం. ఆ ఎండాకాలం పొడుగునా అంతే, గంప ముందు వదిన, పొయ్యి ముందు అమ్మ.

వానలు పడ్డాక వదినకు కామెర్లు వచ్చాయి. ముందు పసరు మందన్నారు, తర్వాత దవాఖానా అన్నారు, అప్పటికి ఆలస్యమైంది. ఆమె చివరగా పెట్టిన గంపలో పిల్లలు, ఇంట్లో మనుషులు ఆమె మైలలో ఇంకా నేల మీద పడుకుంటున్న రోజుల్లోనే లేచాయి. కీచుకీచుమంటూ అందరి కాళ్ల మధ్యా తిరిగాయి. వాటిని తరమడానికి ఎవరికీ చేతులు రాలేదు.

"ఇది గా గాలివానల పొట్టకు కట్టుకున్న గుడ్లల్లదే" అంది అమ్మ ఈ పొద్దున, చుక్కల కోడి వైపు చూపించి. "దీని కింద నేను పెట్టాల్నా?" బియ్యం చాట పక్కన పెట్టి లేచి, పొయ్యి వెలిగించి, గిన్నెలో నీళ్లు పోసింది. చక్కెర డబ్బా తీసుకుంది. మూత చప్పుడు కాకుండా మెల్లగా పెట్టింది. చాయ్ ఎప్పటిలాగే తియ్యగా ఉంది, నేను పూర్తిగా తాగాను. ఏండ్లకేండ్లు కోడలితో చాయ్ పెట్టించుకున్న మా అమ్మకు, తిరిగి పెట్టి ఇవ్వడానికి దొరికింది ఒక్క ఎండాకాలమే.